ఎవరి వేలూ పడని గీత

ఎద్దు బొమ్మలో అన్నిటికన్నా కష్టం మూపురం. అది ఎక్కడ లేచి ఎక్కడ వాలుతుందో తెలియకుండా గీస్తే ఒంగోలు ఎద్దు కాస్తా ఒంటెలా తయారవుతుంది. అందుకే అక్కడికొచ్చేసరికి మీరావలి ఊపిరి బిగబట్టాడు. ఎడమచేత్తో బొత్తాం నొక్కిపట్టి, లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద కుడిచేతి చూపుడువేలిని చీమ నడిచినంత నెమ్మదిగా జరిపాడు. తెర మీద తెల్లటి గీత మెడ దాటి పైకి లేచింది. ఇంకాస్త లేచింది. అంతలో ఎవరో తోసేసినట్టు బాణం గుర్తు తెర మూలకు దూకింది. గీత ఎద్దు కంట్లోంచి దూసుకుపోయి కొమ్ము కొసను తెగ్గోసింది.

"అయ్యయ్యో, కంట్లోకి పోయిందయ్యా!" అని పక్కనే స్టూలు మీద కూర్చున్న వెంకటనారాయణ కేక పెట్టాడు, బతికున్న ఎద్దుకే దెబ్బ తగిలినట్టు.

"ఉండండి నారాయణ గారూ, చెరిపేద్దాం" అని మీరావలి ఆ గీత చెరిపి, మెడ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గీత కిందికి దూకి ముందుకాళ్ళ మధ్యలోంచి పోయింది. ఇంకోసారి ప్రయత్నించబోతే, వేలు ఆనించీ ఆనించకముందే బాణం తెరంతా గిరగిరా తిరిగింది. మీరావలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేళ్ళను ముడిచి, విప్పి, వాటి వంకే చూస్తూ ఉండిపోయాడు.

మార్టూరులో హైవే పక్కన వరసగా ఉన్న గ్రానైట్ షెడ్లలో వాళ్ళది చిన్నది. ముందు గదిలో రాళ్ళ మీద అక్షరాలూ బొమ్మలూ చెక్కుతారు. వెనక రేకుల కింద పలకలకు పాలిష్ పడతారు. ముందు గది మీరావలిది, వెనకది యలమందది. ఇద్దరూ కుర్రతనంలో ఒకే క్వారీలో రాయి కొట్టినవాళ్ళు. తర్వాత కలిసి ఈ షెడ్డు వేసుకున్నారు.

మీరావలి అక్షరమంటే ఒకప్పుడు కనిగిరి దాకా పేరు. బడి కట్టినా, బోరు వేసినా, ఆ ఫలకం మీద ఆయన చేత్తో చెక్కిన 'శ్రీ' ఉండాలని పట్టుబట్టేవాళ్ళు. కానీ ఏళ్ళ తరబడి పట్టిన సుత్తి, ఉలి, ఆపైన కోత మిషన్ అదురు అన్నీ కలిసి ఆయన వేళ్ళను మొద్దుబార్చేశాయి. పిడికిలి బిగియకుండా పోయింది. నరాలు దెబ్బతిన్నాయి, ఇక సుత్తి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ తర్వాత చాలాకాలం మీరావలి రోజూ షెడ్డుకు రావడం, ఓ మూల కూర్చోవడం, పొద్దు గూకాక ఇంటికి పోవడం. అంతే.

పరిస్థితి మార్చింది కూతురు అర్ఫా. ఒంగోలులో డిప్లొమా చదివేటప్పుడు వాడిన పాత లాప్‌టాప్‌ను తెచ్చి రాయి చెక్కే మిషన్‌కు తగిలించింది. తెర మీద గీసిన గీతను ఆ మిషన్ వజ్రపు మొనతో రాయి మీద అచ్చుగుద్దినట్టు చెక్కుతుంది. లాప్‌టాప్‌ను నడిపించడానికి ఆమె వేసుకున్న వ్యవస్థ లినక్స్. ఎవరు తయారు చేశారో, లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు కూడా. ఆ దాపరికం లేనితనమే అర్ఫాకు ఇష్టం. ఒకరోజు మీరావలి ఊరికే టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి 'అ' అని రాశాడు. తెర మీద పడింది కంప్యూటర్ అక్షరం కాదు, ఆయన అక్షరమే. మౌసు పట్టుకోవాలంటే చెయ్యి బిగించాలి, అది ఆయన వల్ల కాదు. దీనికి వేలు ఆనిస్తే చాలు. ఆ రోజు ఆయన భోజనానికి కూడా లేవలేదు.

ఇప్పుడు ఆ వేలే తప్పుతోంది.

"ఫోటో పెట్టి చెక్కించమ్మా" అన్నాడు మీరావలి, అర్ఫా వైపు చూడకుండా. "నా చెయ్యి ఇక పనికిరాదు."

"అదేంది మీరావలీ!" అని వెంకటనారాయణ లేచి నిలబడ్డాడు. ఆయనది వినుకొండ అవతలి పల్లె. మిరపా పత్తీ పండిస్తాడు. ఆయన ఎద్దు సింగన్న బండలాగుడు పందేల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ గెలిచి, నిరుడు వానాకాలంలో చనిపోయింది. రేపు పొద్దున్న వాళ్ళ ఊళ్ళో మళ్ళీ పందేలు. అవి మొదలయ్యేలోగా బరి పక్కన సింగన్న బొమ్మ నిలబెట్టాలని ఊరంతా అనుకున్నారు. బొమ్మ తీసుకుపోవడానికే ఆయన ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. "ఆ ఫోటో చూస్తే నాకే మా ఎద్దు గుర్తురావట్లా. మొన్న నువ్వు పెన్నుతో కాయితం మీద నాలుగు గీతలు గీకావే, అందులో ఉందయ్యా మా సింగన్న. అది కావాలి."

"చేతకానప్పుడు ఏం చేద్దాం నారాయణ గారూ. ఆ గీతలు కూడా వణికే పోయాయి."

ఆ మాట వినగానే ఒక సంగతి తట్టి అర్ఫా గబుక్కున ముందుకొచ్చింది.

"నాన్నా, ఆగు. నిన్న సాయంత్రం నేను సిస్టం అప్‌డేట్ చేశాను. కొత్త కెర్నల్ వచ్చింది. అదే తేడా చేసుంటుంది!"

కెర్నల్ అంటే వ్యవస్థకు గుండెకాయ. కీబోర్డూ తెరా టచ్‌ప్యాడూ అన్నీ దాని ద్వారానే మాట్లాడుకుంటాయి. కొత్తది నచ్చకపోతే పాతదాంతో నడుపుకునే వీలు లినక్స్‌లో ఎప్పుడూ ఉంటుంది. అర్ఫా యంత్రాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి, పాత కెర్నల్‌ను ఎంచుకుంది. తెర వెలిగింది. ఆమె వేలితో పెద్ద సున్నా గీసింది. గుండ్రంగా వచ్చింది. ఇంకోటి గీసింది. బంగారంలా వచ్చింది.

"చూశావా నాన్నా! నీ చెయ్యి కాదు, అప్‌డేటే!"

వెంకటనారాయణ చప్పట్లు కొట్టాడు. మీరావలి ముఖంలో కొంచెం వెలుగొచ్చింది. కుర్చీ ముందుకు లాక్కుని మూపురం గీత ఎత్తుకున్నాడు. మెడ దాటింది, పైకి లేచింది, వంపు తిరిగింది. వెనక రేకుల కింద యలమంద పాలిష్ మిషన్ గర్రుమని మొదలైంది. గీత ఎగిరి తెర అవతలికి పోయింది.

మీరావలి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆమె ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది. టచ్‌ప్యాడ్ పిచ్చిగా దూకుతోందని ఏడ్చినవాళ్ళు లోకమంతా ఉన్నారు. అందరికీ తలో సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒకరు తట్టితే నొక్కినట్టయ్యే సదుపాయాన్ని తీసేయమన్నారు. తీసేసింది. ఒకరు టచ్‌ప్యాడ్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను ఊడదీసి మళ్ళీ ఎక్కించమన్నారు. ఎక్కించింది. ఇంకొకరు అరచెయ్యి ఆనినా పట్టించుకోకుండా చేసే సెట్టింగ్ మార్చమన్నారు. మార్చింది. ప్రతిసారీ కాసేపు బాగానే ఉన్నట్టుండటం, ఆమె సంబరపడటం, వెంకటనారాయణ "ఆఁ, కుదిరింది!" అనడం, అంతలోనే బాణం తెర మీద చిందులు తొక్కడం. పందెంలో బండ కదిలినట్టే కదిలి ఆగిపోతుంటే చూసేవాళ్ళకెట్లా ఉంటుందో అట్లా ఉంది ఆమెకు.

చివరకు ఒక పాత చర్చలో ఎవరో రాసిన రెండు వాక్యాలు కనిపించాయి. 'మందులు తర్వాత వేద్దువుగాని. ముందు ఆ టచ్‌ప్యాడ్ ఏం చెబుతోందో విను.' కింద ఒక కమాండ్ ఇచ్చారు. టచ్‌ప్యాడ్ లోపలికి పంపే ప్రతి కబురునూ, ఎవరూ దిద్దకముందే, ఉన్నదున్నట్టు చూపించే కమాండ్ అది.

అర్ఫా కమాండ్లు టైపు చేసే నల్లటి టెర్మినల్ తెరిచి దాన్ని కొట్టింది. తెర మీద అంకెల వరసలు జలజలా రాలడం మొదలైంది. వేలు ఎక్కడ ఆనింది, ఎంత గట్టిగా ఆనింది, ఎటు జరిగింది, అన్నీ అంకెలే. అవి పైకి పరిగెత్తి మాయమవుతుంటే కిందనుంచి ఇంకా ఇంకా పుట్టుకొస్తున్నాయి.

"నాన్నా, చెయ్యి కొంచెం తీస్తావా? లేనప్పుడు ఆగుతుందో లేదో చూస్తాను."

"నేనెక్కడ పెట్టానమ్మా?"

అర్ఫా తలతిప్పి చూసింది. తండ్రి రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి. ఆమె చేతులు టేబుల్ కింద ఉన్నాయి. వెంకటనారాయణ తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

తెర మీద అంకెలు పరిగెత్తుతూనే ఉన్నాయి.

ఒళ్ళు జలదరించిందామెకు. ఆ వెంటనే ఆనందం పొంగుకొచ్చింది. "నాన్నా! చూడు! ఇటు చూడు! ఇదిగో, ఇక్కడ వేలు ఆనిందంటోంది. ఇదిగో, జరిగిందంటోంది. ఎవరి వేలు? నీదా? నాదా?"

మీరావలి ముందుకు వంగాడు. అంకెలు అర్థం కాకపోయినా, ఖాళీగా ఉన్న ఆ నల్ల పలకనూ, పరిగెత్తుతున్న తెరనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకున్నాడు.

"అయితే... నేను కాదా?"

"నువ్వు కాదు నాన్నా! అసలు నువ్వు కాదు! పొద్దుట్నుంచీ ఇదే గీస్తోంది, నీ మీద పెడుతోంది!"

"ఓరి దొంగ పీనుగా!" అని వెంకటనారాయణ లాప్‌టాప్‌ను తిట్టాడు, ఎదుటి ఎద్దు కాలు అడ్డంపెట్టినట్టు. మీరావలి నవ్వాడు. ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

నవ్వుతుండగానే తెర ఆగిపోయింది.

ఒక్క అంకె కదలడం లేదు. అర్ఫా కమాండ్ తెగిపోయిందేమో అనుకుని పలక మీద వేలు పెట్టింది. అంకెలు వచ్చాయి. తీసింది. ఆగాయి. ఎంత బుద్ధిగా ఉందంటే, ఇంతసేపూ అల్లరి చేసింది ఇదేనా అనిపించేలా ఉంది. గదిలో కూడా ఏదో మారినట్టనిపించింది. ఏంటది? నిశ్శబ్దం. వెనకాల పాలిష్ మిషన్ ఆగింది.

పొద్దుట కూడా అంతేగా? సున్నాలు చక్కగా వచ్చినప్పుడు మిషన్ ఆగి ఉంది. మూపురం గీత ఎగిరిపోయింది సరిగ్గా అది గర్రుమన్నప్పుడే.

ఆమె వెనక తలుపు దగ్గరకు పరిగెత్తింది. రేకుల కింద, రాతి బురద కలిసిన నీళ్ళలో యలమంద నిలబడి టీ తాగుతున్నాడు. అతని రబ్బరు బూట్లలో ఒకటి కాలికి ఉంది, రెండోది విప్పి చేత్తో పట్టుకున్నాడు. చేతిలోది అడుగున చిరిగిపోయింది.

"బాబాయ్! మిషన్ వెయ్యి!"

"ఇప్పుడే గదమ్మా ఆపింది. టీ తాగనియ్యవా?"

"స్విచ్ వెయ్యి చాలు! పని చెయ్యొద్దు, ఉత్తినే వెయ్యి!"

యలమంద గొణుక్కుంటూ గోడ మీద స్విచ్ వేశాడు. మిషన్ గర్రుమంది. లోపలినుంచి వెంకటనారాయణ గొంతు హోరుమంది. "వచ్చినయ్యమ్మాయ్! అంకెలు వచ్చినయ్!"

"ఆపు బాబాయ్!"

"ఆగినయ్!"

"వెయ్యి!"

"వచ్చినయ్!"

పక్క షెడ్డులో పనివాళ్ళు ఏమైందోనని తొంగి చూశారు. వెంకటనారాయణకు పూనకం వచ్చినంత పనయింది. పందెంలో ఎడ్లను అదిలించినట్టు గుమ్మంలో నిలబడి చేతులు ఊపుతున్నాడు. అర్ఫా లోపలికి వచ్చి, మిషన్ తిరుగుతుండగానే లాప్‌టాప్ ఛార్జర్‌ను గోడలోంచి పీకింది. అంకెలు ఠక్కున ఆగాయి. పెట్టింది. పరిగెత్తాయి. పీకింది. ఆగాయి.

"కరెంటు నాన్నా! మిషన్ కరెంటు ఛార్జర్‌లోంచి దీంట్లోకి వస్తోంది!"

"ఇంకేం మరి" అన్నాడు వెంకటనారాయణ. "పీకి పారేసి గీయించు."

అది నిజమే. బ్యాటరీ పాతదే అయినా కాసేపు నిలుస్తుంది. మీరావలి అప్పటికే కుర్చీ లాక్కుని అంచు మీద మణికట్టు ఆనించాడు. ఆనించి, ఆశ్చర్యంగా తల ఊపాడు. "ఇప్పుడు జుమ్మనడంలేదే."

"ఏంటి జుమ్మనేది?"

"వారం నుంచీ దీని అంచు తగిలితే చెయ్యి జుమ్మంటోందమ్మా. నా నరాల జబ్బే ముదిరిందనుకున్నా. నీకు చెప్తే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావని..."

అర్ఫా చేతిలోని ప్లగ్ వైపు చూసింది. మూడు కాళ్ళ ప్లగ్. లావుపాటి మూడో కాలు ఎర్త్. కరెంటు దారి తప్పి ఏ యంత్రం ఒంటికైనా ఎక్కితే, దాన్ని మనిషిని తాకకుండా భూమిలోకి దించేయడానికి ఆ తీగ. షెడ్డు మొత్తానికి ఒకటే తీగ. లాప్‌టాప్ లోహపు అంచుకూ అదే, పాలిష్ మిషన్ ఇనుప ఒంటికీ అదే. ఆ కరెంటు భూమిలోకి పోకుండా లాప్‌టాప్ అంచు దాకా వచ్చి జుమ్మంటోందంటే...

యలమంద బూటు చిరిగిపోయి చేతిలో ఉంది. అతను నిలబడింది నీళ్ళలో. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

"బాబాయ్! ముట్టుకోవద్దు! ముట్టుకోవద్దు!"

వెనక తలుపు దాకా ఎట్లా వెళ్ళిందో ఆమెకు తెలియదు. యలమంద టీ గ్లాసు పక్కనపెట్టి, రెండో బూటు కూడా విప్పేసి, ఉత్తికాళ్ళతో బురదనీళ్ళలో మిషన్ వైపు వంగుతున్నాడు. చెయ్యి ఇనుప చట్రానికి జానెడు దూరంలో ఉంది. అర్ఫా అతని వైపు పోలేదు. గోడ మీదున్న మెయిన్ స్విచ్ దగ్గరకు దూకి, రెండు చేతులతో పిడిని కిందికి గుంజింది.

మిషన్ మూలిగి ఆగిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. లైట్లు ఆరాయి. యలమంద వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు.

"ఏందమ్మా నువ్వు? ఒకసారి వెయ్యమంటావు, ఒకసారి ఆపమంటావు!"

"చెయ్యి పెట్టావా దానిమీద?"

"ఇంకా లేదు. ఉత్తినే తిరగడమెందుకు, చట్రం పట్టుకుని పలక మీదికి జరుపుదామని..."

అర్ఫా గోడకు ఆనుకుంది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. మీరావలీ వెంకటనారాయణా ఆమె వెనకే పరిగెత్తుకొచ్చారు. ఆమె చెప్పిందంతా విన్నాక యలమంద ముఖంలో రంగు మారింది. మిషన్ పిడి వైపు వేలు చూపించాడు. దానికి పాత సైకిల్ ట్యూబు దట్టంగా చుట్టి ఉంది.

"వారం నుంచి కొరుకుతా ఉంది. బూట్లున్నయ్ గదా, ఏమవుద్దిలే అని ట్యూబు చుట్టా."

"ఒరేయ్ యలమందా! నాకెందుకు చెప్పలేదురా?" అని మీరావలి అరిచాడు.

"నువ్వు చెప్పావా, నీ చెయ్యి జుమ్మంటోందని?"

చిన్నప్పటి స్నేహితులిద్దరూ ఒకరినొకరు కొట్టుకుంటారా, కావలించుకుంటారా అన్నట్టు నిలబడ్డారు. చివరకు యలమంద బురద చేత్తోనే మీరావలి భుజం పట్టుకున్నాడు. మీరావలి ఆ చేతిని తోసేయలేదు.

అర్ఫా ఫోన్ చెయ్యగానే ఎలక్ట్రీషియన్ ఏసుబాబు బండి మీద వచ్చాడు. మెయిన్ ఆపే ఉందని తన టెస్టరుతో చూసుకుని, ముందు మిషన్ మోటారు మూత విప్పాడు. రాతి బురద లోపలికి చేరి తీగ మీది తొడుగును తినేసింది. వారంగా కొంచెం కొంచెంగా అరిగి, ఇవాళ్టికి తీగ పూర్తిగా ఒట్టిదై ఇనుపచట్రానికి ఆనుకుంటోంది. తర్వాత షెడ్డు వెనక్కి పోయి, ఎర్త్ గుంట మీది రాయి తీయించాడు. అందులోకి దిగాల్సిన తీగను వేళ్ళతో ఇలా పట్టుకుని అలా లాగాడు. తుప్పుపట్టిన ముక్క ఊడి చేతికొచ్చేసింది. కింద మట్టి ఎండాకాలపు చెరువులా నెర్రెలిచ్చి ఉంది.

"ఇది బాగుండుంటే మొదటి రోజే ఫ్యూజు ఎగిరిపోయేది, మీకు తెలిసిపోయేది" అన్నాడు ఏసుబాబు. "దారి లేక కరెంటు మీ ఇనుప సామానంతా తిరుగుతోంది. ఎవరు చెప్పారు మీకు?"

అందరూ అర్ఫా వైపు చూశారు. ఆమె లాప్‌టాప్ వైపు చూపించింది. "టచ్‌ప్యాడ్."

ఏసుబాబుకు అర్థం కాలేదు. వెంకటనారాయణ పూనుకుని మొదటినుంచీ చెప్పాడు. ఆయన చెప్పడంలో అంకెలు కాస్తా మంటలయ్యాయి, బాణం కాస్తా ఈటెలా ఎగిరింది. అయినా ఏసుబాబు ఓపికగా విని, "పనికొచ్చే జబ్బే చేసింది దానికి" అన్నాడు.

ఆ తర్వాత షెడ్డు పెళ్ళిల్లు అయిపోయింది. పక్క షెడ్డువాళ్ళు గడ్డపారలు తెచ్చారు. ఒకరు బొగ్గులు, ఒకరు ఉప్పు బస్తా. ఏసుబాబు కొత్త రాగి పలకకు లావుపాటి తీగ బిగించి గుంటలోకి దించాడు. మట్టి తడారిపోకుండా బొగ్గూ ఉప్పూ పొరలుపొరలుగా వేయించి నీళ్ళు పోయమన్నాడు. పంచె ఎగ్గట్టిన వెంకటనారాయణ బిందె మీద బిందె మోశాడు. "మా సింగన్న పేరు చెప్పుకుని తాగవే భూదేవీ" అంటూ ఒంపాడు. మోటారు తీగ మార్చారు. లీకైతే దానంతటదే ఆగిపోయే కొత్త స్విచ్ కూడా బిగించారు. ఏసుబాబు తన మీటరు పెట్టి అన్ని చోట్లా చూసి, తల ఊపాడు.

"ఇప్పుడు నీ మీటరు కూడా పెట్టమ్మా" అన్నాడు నవ్వుతూ.

అర్ఫా లాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టింది. కమాండ్ కొట్టి, రెండు చేతులూ పైకెత్తింది. గది నిండా జనం. వెనకనుంచి యలమంద, ఈసారి పక్క షెడ్డువాళ్ళ బూట్లు తొడుక్కుని, "వేస్తన్నా!" అని అరిచాడు. మిషన్ గర్రుమంది. అందరి కళ్ళూ తెర మీదే. నల్లటి తెర. ఖాళీ తెర. ఒక్క అంకె లేదు.

"రాలా?" అన్నాడు వెంకటనారాయణ గుసగుసగా.

"రాలేదు!"

ఆయన వేసిన ఈలకు హైవే మీద పోయే బండి ఒకటి వేగం తగ్గించింది.

మీరావలి గుంపును తప్పించుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కాకు చెయ్యి తుడుచుకుని వేలు ఆనించాడు. ఎవరూ ఊపిరి తీసుకోవడంలేదు. గీత మెడ దగ్గర మొదలై పైకి లేచింది. వంపు తిరిగింది. నిండుగా, బరువుగా, బండను లాగేటప్పుడు ముందుకు ఒరిగే మూపురంలా వాలి వెన్నులో కలిసింది. వెనక మిషన్ హోరెత్తుతూనే ఉంది. ఆయన ఆగలేదు. గంగడోలు, గిట్టలు, తోక. చివరగా కన్ను. కన్ను గీసేటప్పుడు వేలు కాస్త వణికింది; ఆ వణుకుకు కంటి పైన చిన్న మడత పడింది. అర్ఫా చెరపబోయింది.

"ఉంచమ్మాయ్!" అన్నాడు వెంకటనారాయణ. "అదుండేది వాడికి. బండ కదలకపోతే అట్టాగే చూసేవాడు నా వంక."

చెక్కే మిషన్ మొన నల్లరాతి మీదికి దిగింది. సన్నటి నీటిధార కింద తెల్లగా ఒక్కొక్క గీతే తేలుతుంటే, పనులు మానుకుని వచ్చినవాళ్ళు అక్కడే నిలబడి చూశారు. సాయంత్రం ఎండ పసుపెక్కే వేళకు పలకను గడ్డిలో పొదిగి ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. వెంకటనారాయణ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక పలక పక్కనే కూర్చుని దానిమీద చెయ్యి వేసుకుని వెళ్ళాడు.

అర్ఫా ఆ పాత చర్చ తెరిచి, కింద జరిగింది రాసింది. 'నా టచ్‌ప్యాడ్‌లో లోపం లేదు, కెర్నల్‌లో లేదు, మా నాన్న చేతిలో అసలే లేదు. ఛార్జర్ పీకితే ఆగుతోందా చూడండి. ఆగితే మీ ఇంటి ఎర్త్ చూపించుకోండి, వెంటనే.' మర్నాడు పొద్దున్నకల్లా ఏదో దేశంనుంచి ఒకామె జవాబు పెట్టింది, తన వంటగదిలోనూ అదే లోపం దొరికిందని. అర్ఫా ఆ జవాబును తండ్రికి గట్టిగా చదివి వినిపిస్తుండగా గుమ్మంలో ఏసుబాబు కనిపించాడు. వెనక పక్క షెడ్డు యజమాని, అతని వెనక అవతలి షెడ్డు యజమాని.

"వీళ్ళ ఎర్త్ చూపించుకోమని నేను రెండేళ్ళుగా మొత్తుకుంటున్నానమ్మా" అన్నాడు ఏసుబాబు. "మీటరులో ముల్లు చూపిస్తే ఎవడూ నమ్మడు. నిన్న నీ తెర చూశాక నిద్రపట్టలేదంట. ఒకసారి దాన్ని తీసుకుని వస్తావా?"

అర్ఫా తండ్రి వైపు చూసింది. కొత్త ఫలకానికి అక్షరాలు రాయాల్సింది ఇప్పుడే. లాప్‌టాప్ ఆయన ముందే ఉంది. మీరావలి దాన్ని మూసి, ఛార్జర్ తీగను చుట్టి, రెండూ కూతురి చేతుల్లో పెట్టాడు.

"పద, నేనూ వస్తా. అంచు మీద చెయ్యి వేసి నేను చెప్తా, నువ్వు తెర చూసి చెప్పు. ఎవరు ముందు పట్టుకుంటారో చూద్దాం."

"ఊరికే చెయ్యి వెయ్యకు నాన్నా! ముందు ఏసుబాబు గారు టెస్టరు పెట్టాలి."

"సరే, సరే" అంటూనే మీరావలి అందరికన్నా ముందు రోడ్డెక్కాడు.